సెలవునాటి పాఠం, కళాశాల వాకిలి

ఏ విద్యాసంస్థ చరిత్ర వ్రాసినా శంకుస్థాపన జరిగిన తేదీ, స్థలదాత పేరు, ప్రధానోపాధ్యాయుల పరంపర, ఉత్తీర్ణతా శాతాలు అందులో చోటుచేసుకొంటాయి. అవి ఉండవలసినవే. అయితే ఆ చరిత్ర పనిదినాలలో జరిగిన చదువుకే పరిమితమై పోతుంది. శని, ఆదివారాలలో, గంట మ్రోగకుండా, హాజరుపట్టీ తెరవకుండా జరిగిన చదువు ఏ రికార్డులోనూ కనిపించదు. మన పాఠశాల ప్లాటినం జూబ్లీ జరుపుకొంటున్న ఈ శుభసమయంలో ఆ సెలవునాటి చదువును గురించి వ్రాయవలసిందిగా సంచిక సంపాదకులు కోరారు. 1983లో ఈ బడిలో భౌతికశాస్త్రోపాధ్యాయుడిగా చేరి 2017లో పదవీ విరమణ చేసిన నాకు అది ఇష్టమైన విషయం. అందులో నా వంతు మంచి ఎంత ఉందో, నా వంతు పొరపాటూ అంత ఉంది. రెండింటినీ చెప్పడం న్యాయమని భావిస్తున్నాను.

ఉన్నత పాఠశాల విద్యార్థిని కళాశాల వాకిలి దాకా నడిపించేందుకు సెలవు రోజుల్లో పెట్టే తరగతి ఈనాడు కొత్తగా పుట్టినది కాదు. చెన్నపట్నంలో దానికి ఎనభై ఏళ్ళకు మించిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో వాకిలి పలుమార్లు చోటు మారింది. అది మారినప్పుడల్లా తరగతి స్వరూపమూ మారింది. మారకుండా నిలిచిన ప్రశ్న ఒక్కటే: ఆ తరగతిలో ఎవరిని కూర్చోబెట్టాలి?

దుర్గాబాయి గారి తరగతి

ఈ చరిత్రకు తొలి పుట మన తెలుగువారిదే. రాజమహేంద్రవరంలో 1909లో జన్మించిన దుర్గాబాయి గారు స్వాతంత్ర్యోద్యమ దినాలలో పాఠశాల చదువు విడిచిపెట్టారు. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని కారాగారవాసం అనుభవించారు. పాఠశాలకు తిరిగివెళ్ళే వయస్సు దాటిన తరువాత స్వయంకృషితో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం వారి మెట్రిక్యులేషన్ పరీక్షకు కూర్చుని ఉత్తీర్ణులయ్యారు. అనంతరం ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రాజనీతిశాస్త్రం చదివి, 1942లో మదరాసులో న్యాయశాస్త్ర పట్టం పొందారు.

ఆమె 1937లో మదరాసులో నెలకొల్పిన ఆంధ్ర మహిళా సభ తొలినాళ్ళలో చేపట్టిన కార్యక్రమాలలో ఒకటి, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను ఆ బెనారస్ మెట్రిక్యులేషన్ పరీక్షకే సిద్ధం చేయడం. తాను నడిచివచ్చిన దారినే వెనుక వచ్చేవారికి చూపించారన్నమాట. అక్కడ చేరినవారు తరగతిలో ప్రథమశ్రేణి విద్యార్థినులు కారు. బాల్యవివాహం వల్లనో, వైధవ్యం వల్లనో, పేదరికం వల్లనో చదువు లెక్కలోంచి లోకం తొలగించివేసినవారు. "వీరికి ఇక కాలేజీ ఎక్కడిది?" అని ఇరుగుపొరుగు అనుకొన్నవారిని చేరదీసి చదివించడమే ఆ తరగతి ప్రత్యేకత.

ఆ అనుభవం మదరాసుతో ఆగిపోలేదు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి దుర్గాబాయి గారు తొలి అధ్యక్షురాలయ్యారు. చదువాగిన వయోజన స్త్రీలకై ఆ మండలి 1958లో సంక్షిప్త విద్యాక్రమాలను దేశవ్యాప్తంగా ప్రవేశపెట్టింది. చెన్నపట్నపు తెలుగువారి సంస్థ ఒకదానిలో మొలకెత్తిన ఆలోచన దేశమంతటా పాకడం మనమందరం గర్వించదగిన విషయం. అంతకంటె ముఖ్యంగా, గుర్తుంచుకోదగిన విషయం.

వాకిలి బడిలోకి వచ్చిన సంవత్సరం

ఆ రోజుల్లో పాఠశాలకూ కళాశాలకూ మధ్య ఒక వరండా ఉండేది. పదకొండేళ్ళ బడి చదువుతో ఎస్.ఎస్.ఎల్.సి. ముగిసేది. ఆపైన ఒక సంవత్సరం పి.యు.సి., తదుపరి పట్టపు చదువు. పి.యు.సి. కళాశాలలోనే జరిగేది గనుక పల్లెటూరి పిల్లవాడైనా, తెలుగు మాధ్యమంలో చదివినవాడైనా, ఆ ఒక్క సంవత్సరంలో అధ్యాపకుల ఇంగ్లీషు ఉపన్యాసానికి చెవి అలవాటు చేసుకొని, ప్రయోగశాలను కళ్ళారా చూచి, తనకు తగిన చదువేదో తెలుసుకొనేవాడు. కష్టమే. ఎందరో అక్కడే తడబడ్డారు. అయినా ఆ తడబాటు కళాశాల గుమ్మం లోపల జరిగేది.

తమిళనాడులో 1978లో పది-రెండు-మూడు విధానం అమలులోకి వచ్చింది. పి.యు.సి. రద్దయి దాని స్థానంలో పదకొండు, పన్నెండు తరగతులు పాఠశాలలకు వచ్చాయి. దీనితో కళాశాలకు తయారుచేసే బాధ్యత మొత్తం బడి భుజాలపై పడింది. ఇదివరకు గుమ్మం లోపల జరిగిన తడబాటు ఇప్పుడు గుమ్మం బయటనే జరగసాగింది. బయట తడబడినవాడు లోపలికి రానే రాడు. ఈ మార్పు ఎంత పెద్దదో ఆనాడు ఉపాధ్యాయులలో కొద్దిమందికే తోచింది.

1984లో రెండవ మార్పు వచ్చింది. ఇంజనీరింగు, వైద్య కళాశాలలలో ప్రవేశానికి ప్లస్ టూ మార్కులతోపాటు రాష్ట్రస్థాయి ప్రవేశపరీక్ష మార్కులను కూడా లెక్కలోకి తీసుకోవడం ప్రారంభమైంది. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఒక్క ఏడు. పట్టణంలో శిక్షణ కేంద్రాలు వెలిశాయి. అక్కడి రుసుము మన పిల్లల తల్లిదండ్రులకు అందుబాటులో లేనిది. ఆనాటి మన విద్యార్థుల తండ్రులలో పెక్కుమంది పెరంబూరులోని బిన్నీవారి మిల్లులోనో, రైల్వే కర్మాగారాలలోనో, కొత్వాల్ చావడి అంగళ్ళలోనో పనిచేసేవారు. తల్లులలో బడి ముఖం చూడనివారే ఎక్కువ.

అందుచేత మేము నలుగురం ఉపాధ్యాయులం కలిసి శనివారం మధ్యాహ్నం, ఆదివారం ఉదయం తరగతులు ప్రారంభించాము. రుసుము లేదు. పాత ప్రశ్నలను స్టెన్సిల్ మీద గీసి సైక్లోస్టైల్ తీసి పంచేవాళ్ళం. మొదటి నెలలోనే మాకొక సంగతి అర్థమైంది. మన పిల్లలకు శాస్త్రం రాక కాదు ఇబ్బంది, శాస్త్రం పేర్లు రాక. పదవ తరగతి వరకు తెలుగులో చదివి ప్లస్ వన్‌లో ఆంగ్ల మాధ్యమానికి మారిన విద్యార్థికి త్వరణం తెలుసు, యాక్సిలరేషన్ తెలియదు. కిరణజన్య సంయోగక్రియను బొమ్మ గీసి వివరించగలడు, ఫోటోసింథసిస్ అనే మాట ప్రశ్నలో కనిపిస్తే బిత్తరపోతాడు. పట్టణంలో దొరికే ఉచిత పుస్తకాలు తమిళంలో ఉండేవి. అక్కడ త్వరణం 'ముడుక్కం', కిరణజన్య సంయోగక్రియ 'ఒళిచ్చేర్కై'. కాబట్టి మూడు గడుల పట్టిక ఒకటి తయారుచేశాము: తెలుగు, తమిళం, ఇంగ్లీషు. దాదాపు ఆరువందల మాటలు. పూర్వవిద్యార్థులలో కొందరి ఇండ్లలో ఆ కాగితాలు నేటికీ ఉన్నాయని విని సంతోషించాను.

కిటికీ దగ్గర నిలబడిన పిల్లవాడు

ఇక నా పొరపాటు. గది చిన్నది, కాగితాలు తక్కువ. అందరికీ చెప్పలేమని భావించి, అర్ధసంవత్సర పరీక్షలో మొదటి పన్నెండు స్థానాలలో వచ్చినవారినే తరగతిలోకి తీసుకొనేవాళ్ళం. ఎవరూ ఆక్షేపించలేదు. అది సహజమని అందరమూ అనుకొన్నాము.

ఒక ఆదివారం వరండాలో, కిటికీ ప్రక్కన ఒక విద్యార్థి నిలబడి నేను నల్లబల్లమీద వ్రాస్తున్నది చేతిలోని కాగితంమీద ఎక్కించుకొంటున్నాడు. మార్కులలో ఇరవయ్యో స్థానమో, ఇరవై అయిదో స్థానమో అతనిది. బయటికి వెళ్ళి "ఏం బాబూ, ఇక్కడెందుకున్నావు?" అన్నాను. "కాలేజీ అంటే ఏంటో మా ఇంట్లో ఎవరికీ తెలీదు సార్. వింటే తెలుస్తదేమో అని" అన్నాడు. లోపలికి రమ్మనవలసింది. నేను అనలేదు. "ముందు పరీక్షలో మార్కులు తెచ్చుకో, తరువాత చూద్దాం" అన్నాను. మరుసటి ఆదివారం అతడు రాలేదు. ప్లస్ టూ తరువాత ఏదో చిన్న కంపెనీలో పనికి కుదిరాడని విన్నాను. ఏ పనీ తక్కువది కాదు. కాని ఆ బాలునికి మరొక దారి కూడా ఉన్నదని చెప్పవలసిన ఒకే ఒక మనిషిని ఆనాడు నేను. చెప్పలేదు.

లోపల కూర్చున్న పన్నెండుగురిలో చాలామందికి మా తరగతి లేకపోయినా ఏదో ఒక సీటు దొరికేదే. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ప్రవేశపరీక్ష లేని పదేళ్ళు

ప్రవేశపరీక్ష పట్టణాలవారికి, ధనవంతులకు అనుకూలిస్తున్నదన్న విమర్శ తమిళనాడులో బలపడసాగింది. గ్రామీణ పాఠశాలల విద్యార్థులకు వృత్తివిద్యా కళాశాలలలో ప్రత్యేక కోటా కల్పించే ప్రయత్నం జరిగింది గాని అది న్యాయస్థానంలో నిలువలేదు. 2006లో ఆచార్య ఎం. ఆనందకృష్ణన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం సిఫారసుల ననుసరించి ప్రభుత్వం ప్రవేశపరీక్షను తొలగిస్తూ శాసనం చేసింది. 2007లో దానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. అప్పటినుండి ప్లస్ టూ మార్కులే ప్రమాణం. ఇంజనీరింగు ప్రవేశాలు తమిళనాడులో నేటికీ ఆ పద్ధతిలోనే జరుగుతున్నాయి.

ఆ మార్పు వల్ల సామాన్య కుటుంబాల పిల్లలకు మేలు జరిగింది. అయితే దానికొక నీడ కూడా ఉంది. మొత్తం 1200 మార్కులకు జరిగే పన్నెండవ తరగతి పరీక్షయే సర్వస్వమైపోగా, కొన్ని ప్రైవేటు పాఠశాలలు పదకొండవ తరగతి పాఠాలను పక్కకు నెట్టి, రెండేళ్ళూ పన్నెండవ తరగతి పుస్తకాన్నే వల్లె వేయించాయి. మన సెలవునాటి తరగతి కూడా ఆ గాలికి కొంత ఊగింది. ఎందుకు అని అడిగే ప్రశ్నలు తగ్గి, ఏ పాఠం నుండి ఎన్ని మార్కులు వస్తాయనే ప్రశ్నలు పెరిగాయి.

అదే కాలంలో మన పిల్లలపై మరొక భారం చేరింది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం మొదటి తరగతి నుండి క్రమంగా పైకి వచ్చి, 2015-16 నాటికి పదవ తరగతిని చేరుకొంది. ఉంటున్న రాష్ట్రపు భాష నేర్చుకోవడం మంచిదే, అవసరం కూడా. కాని మాతృభాషా మాధ్యమంలో చదువుతూ, మొదటినుండి తగిన తమిళ బోధన లేని విద్యార్థికి అదొక్కటే పబ్లిక్ పరీక్షలో గండమయ్యేది. భాషాల్పసంఖ్యాక పాఠశాలలు న్యాయస్థానాలను ఆశ్రయించి ఏటికేడు మినహాయింపులు పొందవలసి వచ్చింది. ఆ వ్యాజ్యం 2023లో సర్వోన్నత న్యాయస్థానం దాకా వెళ్ళింది. ఈలోగా మన శనివారపు గంటలో సగం తమిళ అక్షరాలకే వెచ్చించాము. కళాశాల కొరకు దాచుకొన్న సమయం పదవ తరగతి గట్టెక్కడానికి ఖర్చయింది.

412 కేంద్రాలు

వైద్యవిద్యకు దేశమంతటికీ ఒకే పరీక్షగా నీట్ మొదటిసారి 2013 మే నెలలో జరిగింది. ఆ జులైలో సర్వోన్నత న్యాయస్థానం దానిని కొట్టివేసింది. 2016 ఏప్రిల్‌లో ఆ తీర్పును అదే న్యాయస్థానం ఉపసంహరించుకొంది. ఆ సంవత్సరానికి రాష్ట్రాలకు ఆర్డినెన్సు ద్వారా వెసులుబాటు కలిగినా, 2017లో తమిళనాడు విద్యార్థులకు ఆ పరీక్ష తప్పలేదు. ప్లస్ టూలో 1200కు 1176 మార్కులు సంపాదించినా వైద్య కళాశాలలో సీటు దక్కని అరియలూరు జిల్లా విద్యార్థిని అనిత 2017 సెప్టెంబరు 1న ప్రాణాలు విడవడం రాష్ట్రాన్ని కలచివేసింది. నేను పదవీ విరమణ చేసిన సంవత్సరమది.

ఆ నేపథ్యంలో 2017 నవంబరులో తమిళనాడు ప్రభుత్వం ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల విద్యార్థులకు ఉచిత శిక్షణ ప్రారంభించింది. రాష్ట్రమంతటా 412 కేంద్రాలు, శని, ఆదివారాలలో తరగతులు. మేము నలుగురం ఒక గదిలో చేసిన పనిని ఒక ప్రభుత్వం రాష్ట్రవ్యాప్తంగా తలకెత్తుకోవడం చూచి నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

కాని లెక్క వేసి చూస్తే ఆనందంతోపాటు దిగులూ కలిగింది. నవంబరు మధ్యనుండి 2018 మే 6న జరిగిన పరీక్ష వరకు ఉన్నవి ఇరవై అయిదు వారాలు. అందులో అర్ధసంవత్సర పరీక్షలు, సంక్రాంతి, మార్చిలో పబ్లిక్ పరీక్షలు పోగా మిగిలిన సెలవు దినాలెన్ని? నీట్‌లో ఆనాడు 180 ప్రశ్నలు, మూడు గంటలు. అంటే ప్రశ్నకు ఒక నిమిషం. భౌతికశాస్త్రంలో 45, రసాయనశాస్త్రంలో 45, జీవశాస్త్రంలో 90. తప్పు జవాబుకు ఒక మార్కు కోత. ప్రశ్నలలో సుమారు సగం పదకొండవ తరగతి పాఠాలనుండి. ఆ తరగతిని దాటవేయడం అలవాటైన వాతావరణంలో పెరిగిన విద్యార్థి కొన్ని ఆదివారాలలో ఏమి సర్దుకోగలడు? ఈ లోపాన్ని గుర్తించే ప్రభుత్వం 2017-18 నుండి పదకొండవ తరగతికి కూడా పబ్లిక్ పరీక్ష పెట్టి, మార్కుల మొత్తాన్ని 600కు కుదించి, 2018 నుండి కొత్త పాఠ్యపుస్తకాలను తెచ్చింది.

పోటీ ఎవరితోనో కూడా చూడాలి. 2021లో న్యాయమూర్తి ఎ.కె. రాజన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం నివేదిక ప్రకారం, రాష్ట్రంలో వైద్యవిద్యలో చేరినవారిలో మరల మరల పరీక్ష వ్రాసి వచ్చినవారు 2016-17లో దాదాపు ఎనిమిదింట ఒక వంతు. 2020-21 నాటికి వారు మూడింట రెండు వంతులకు మించిపోయారు. అనగా, ఇంటిపట్టున ఉండి సంవత్సరమంతా, వారానికి ఆరు రోజులు శిక్షణ పొందిన యువకునితో, వారానికి రెండు రోజులు పాఠం విన్న మన బాలిక పోటీపడాలి. తొలి మూడు సంవత్సరాలలో ప్రభుత్వ వైద్య కళాశాలలలో చేరగలిగిన ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులు వేళ్ళమీద లెక్కింపదగినంతమందే కావడంలో ఆశ్చర్యం లేదు. అది ఆ పిల్లల లోపం కాదు, ఆ ఉపాధ్యాయుల లోపమూ కాదు.

చట్టం తెరచిన తలుపు

2020లో పరిస్థితి మలుపు తిరిగింది. న్యాయమూర్తి పి. కలైయరసన్ సంఘం సిఫారసులపై, ఆరు నుండి పన్నెండు వరకు ప్రభుత్వ పాఠశాలలలో చదివి నీట్‌లో అర్హత సాధించిన విద్యార్థులకు వైద్యవిద్యా సీట్లలో 7.5 శాతం కేటాయిస్తూ శాసనసభ చట్టం చేసింది. ఆ అక్టోబరు చివరిలో అది అమలులోకి వచ్చింది. ఆ ఒక్క సంవత్సరంలోనే దాదాపు 400 మంది ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు వైద్య, దంతవైద్య సీట్లు లభించాయి. 2021లో ఈ కేటాయింపు ఇంజనీరింగు, వ్యవసాయం, పశువైద్యం, న్యాయశాస్త్రం మొదలైన చదువులకు విస్తరించింది. నీట్ నుండి రాష్ట్రాన్ని పూర్తిగా మినహాయించాలని శాసనసభ 2021లోను, మరల 2022లోను ఆమోదించిన బిల్లుకు మాత్రం రాష్ట్రపతి సమ్మతి లభించలేదు.

చరిత్ర విద్యార్థికి ఇందులో ఒక స్పష్టమైన పాఠం కనిపిస్తుంది. మూడేళ్ళపాటు తరగతి ఒక్కటే ఉన్నది, తలుపు మూసి ఉన్నది. ఫలితం స్వల్పం. తరగతి ఉండి తలుపు కూడా తెరచుకొన్నప్పుడు ఫలితం అనేక రెట్లు. తరగతి లేకుండా తలుపు మాత్రమే తెరచినా ప్రయోజనం ఉండేది కాదు. ఆ కోటాలో చేరడానికీ నీట్ అర్హత కావలసిందే.

అయితే మన పాఠశాల వంటివాటికి ఇక్కడొక చిక్కు ఉన్నది. మనది ఎయిడెడ్ పాఠశాల. శిక్షణ తరగతిలో మన పిల్లలకు చోటు ఇచ్చారు గాని, కోటాలో ఇవ్వలేదు. మన విద్యార్థుల తల్లిదండ్రులు ప్రభుత్వ పాఠశాలల తల్లిదండ్రులకంటె ఏ విధంగానూ సంపన్నులు కారు. అయినా గోడకు ఈవలి ప్రక్కన ఉన్నందున ఈ నియమం వారికి వర్తించదు.

భాష విషయంలోనూ అంతే. 2017 నుండి నీట్‌ను తెలుగులోనూ వ్రాయవచ్చును. ఆ వార్త చదివి మనలో ఎందరో సంబరపడ్డాము. తీరా పరీక్ష సమాచార పుస్తకం తిరగవేస్తే, తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పరీక్షాకేంద్రాలను ఎంచుకొన్నవారికి మాత్రమే అని ఉన్నది. చెన్నపట్నంలో పరీక్ష వ్రాసే తెలుగు బాలికకు ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ, తమిళం ఉన్నాయి, తెలుగు లేదు. తెలుగులో వ్రాయదలచుకొంటే సరిహద్దు దాటి నెల్లూరికో, తిరుపతికో వెళ్ళాలి. రాష్ట్రం వెలుపల తరతరాలుగా స్థిరపడిన తెలుగువారు ఉన్నారన్న సంగతి ఆ నియమం వ్రాసినవారికి స్ఫురించి ఉండదు. వినయంగా, పట్టుదలగా స్ఫురింపజేయవలసిన బాధ్యత మనది.

మరొక దేశపు అనుభవం

ఈ విషయంలో మనకంటె ఎక్కువ కాలం, పెద్ద ఎత్తున ప్రయోగం చేసిన దేశం అమెరికా. అక్కడ పేదరిక నిర్మూలనకై 1964లో చేసిన చట్టం క్రింద 1965 వేసవిలో 'అప్‌వర్డ్ బౌండ్' అనే కార్యక్రమం 17 చోట్ల ప్రయోగాత్మకంగా మొదలైంది. ఇంట్లో ఎవరూ కళాశాల చదువు చదవని, లేదా తక్కువ ఆదాయం కలిగిన కుటుంబాల పిల్లలను ఉన్నత పాఠశాల తొలి సంవత్సరాలలోనే చేర్చుకొని, చదువుల కాలంలో శనివారాలు, సాయంత్రాలు తరగతులు, వేసవిలో కొన్ని వారాలపాటు కళాశాల ప్రాంగణంలోనే నివాసం ఏర్పాటు చేస్తారు. పాఠాలతోపాటు దరఖాస్తులు పూర్తిచేయడం, విద్యార్థివేతనాలు వెతకడం, కళాశాలలను చూచి రావడం కూడా నేర్పుతారు. అరవై ఏళ్ళు దాటినా ఆ కార్యక్రమం ముగిసిపోలేదు.

దాని ఫలితాలపై ఆ దేశ ప్రభుత్వం చేయించిన సుదీర్ఘ పరిశీలన తుది నివేదిక 2009లో వెలువడింది. విద్యార్థులందరినీ కలిపి చూస్తే కళాశాలలో చేరికపై చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. కాని, మొదట్లో తాము పట్టభద్రులమవుతామని అనుకోనివారిని విడిగా చూచినప్పుడు, కళాశాలలో చేరినవారి సంఖ్య స్పష్టంగా పెరిగింది. ఎలాగూ వెళ్ళగలవారిని ఆ తరగతి పెద్దగా మార్చలేదు. వెళ్ళలేమనుకొన్నవారిని మార్చింది.

ఆ సంగతి చదివినప్పుడు నాకు కిటికీ దగ్గరి విద్యార్థి జ్ఞాపకం వచ్చాడు. దుర్గాబాయి గారు ఏ నివేదికలూ లేని కాలంలోనే గ్రహించిన సత్యాన్ని నేను ముప్పై ఏళ్ళు ఆలస్యంగా తెలుసుకొన్నాను.

మన ముందున్న పని

ప్లాటినం జూబ్లీ సందర్భంగా సెలవునాటి తరగతిని పునరుద్ధరించాలని పాఠశాల పాలకవర్గం, పూర్వవిద్యార్థులు సంకల్పించడం ఎంతో ముదావహం. పై చరిత్రను బట్టి నాకు తోచిన నాలుగు మాటలు మనవి చేస్తాను.

మొదటిది, తరగతి ప్లస్ టూలో కాక తొమ్మిదవ తరగతిలోనే మొదలుకావాలి. చివరి సంవత్సరంలో ఆరంభించిన శిక్షణ భయాన్ని పెంచుతుందే గాని బలాన్ని ఇవ్వదు.

రెండవది, మార్కుల పట్టిక చూచి విద్యార్థులను ఎంపిక చేయరాదు. మొదటి బెంచీవారిని వద్దని అనడం లేదు. కాని మధ్య బెంచీలలో కూర్చుని, ఇంట్లో తొలిసారి పదవ తరగతి దాటబోతున్నవారికి సగం చోట్లయినా ప్రత్యేకించాలి. రమ్మని వారిని మనమే పిలవాలి. వారు అడుగరు. అడగవచ్చునని వారికి తెలియదు.

మూడవది, కళాశాల అంటే వైద్యమూ ఇంజనీరింగూ మాత్రమే కాదని పిల్లలకూ, పెద్దలకూ చెప్పాలి. కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో పట్టపు చదువులకై 2022లో ప్రారంభమైన ఉమ్మడి పరీక్ష తెలుగుతో సహా పదమూడు భాషలలో జరుగుతున్నది. చరిత్ర, అర్థశాస్త్రం, వాణిజ్యం, భాషాశాస్త్రం, నర్సింగు, ఉపాధ్యాయ శిక్షణ — ఎన్ని దారులున్నాయో నెలకొక శనివారం ఒక్కొక్కటిగా పరిచయం చేయాలి. ఆ పని పుస్తకాల కంటె పూర్వవిద్యార్థులు బాగా చేయగలరు. బ్యాంకులో, ఆసుపత్రిలో, రైల్వేలో, న్యాయస్థానంలో పనిచేస్తున్న మీరు వచ్చి, మీ దారిలో ఎక్కడ తడబడ్డారో చెప్పండి. విజయగాథకంటె ఆ తడబాటే వారికి ఎక్కువ ధైర్యాన్నిస్తుంది.

నాలుగవది, తలుపు విషయం. ఎయిడెడ్ పాఠశాలల పేద పిల్లలకు కోటా వర్తింపజేయాలనీ, తెలుగు ప్రశ్నపత్రం చెన్నపట్నంలో కూడా ఇవ్వాలనీ కోరే విజ్ఞాపనలు వట్టి సభా తీర్మానాలుగా మిగిలిపోరాదు. కర్ణాటకలో, ఒడిశాలో, మహారాష్ట్రలో ఉన్న తెలుగువారి పిల్లలకు కూడా ఈ రెండవ సమస్య ఉన్నదే. అందరమూ కలిసి అడిగితే వినిపించుకొనే అవకాశం ఎక్కువ.

తల్లిదండ్రులకు ఒక మాట. శనివారం పిల్ల ఇంట్లో ఉంటే చెల్లెలిని చూచుకొంటుంది, అంగట్లో చేయి ఆసరా అవుతుంది. అది నాకు తెలియనిది కాదు. ఆ ఒక్క పూటను బడికి వదలండి. మీ పిల్ల మార్కులు తక్కువని సంకోచించకండి. ఈ తరగతి ఆమె కొరకే.

ఆనాటి కిటికీ ఇప్పుడు లేదు. పాత కట్టడం తీసి కొత్తది కట్టారు. కొత్త భవనంలో గదులు విశాలంగా ఉన్నాయి, బెంచీలు కూడా చాలినన్ని ఉన్నాయి. మొదటి తరగతి జరిగే శనివారం ఉదయం నేనూ వస్తాను. వరండాలో ఎవరైనా నిలబడి ఉన్నారేమో చూచే పని నాకు అప్పగించవలసిందిగా ప్రధానోపాధ్యాయులవారిని ఇప్పటికే కోరాను.

— విశ్రాంత భౌతికశాస్త్రోపాధ్యాయుడు